అమావాస్య డ్యూటీ

వైశాఖ బహుళ ఏకాదశి, బుధవారం

చంద్రుడు ఉత్తరాభాద్రలో. దశమి పొర దాచి, ఏకాదశి పొర తెరిచాను. పెద్ద గ్యాలరీ కప్పుకు పరిచిన ఆకాశం రేకులన్నీ వెలుగుతున్నాయి.

డ్యూటీ పుస్తకంలో ఇంత రాస్తే సరిపోతుంది. పదకొండేళ్లుగా ఇంతే రాస్తున్నాను. ఈరోజు మాత్రం ఇంకొంచెం రాయాలనిపిస్తోంది.

పొద్దున దీపం పెట్టుకొని, నీళ్ల వరుసలో రెండు బిందెలు పట్టుకొని, మిషన్ గదికి వెళ్లేసరికి ఐలేష్ నా కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు. మిషన్లన్నిటికీ ఇన్‌చార్జి అతనే. నిండా ముప్పై లేవు. చేతిలో గనిని నడిపే కమిటీ కాగితం ఉంది.

"అక్కా, పైన సోలార్ ప్లేట్ల మీద దుమ్ము పేరుకుపోయింది. కరెంటు సగానికి పడ్డది. గాలి పంపే ఫ్యాన్లు ఆగకుండ ఉండాలంటే మన మిషన్ బరువు తగ్గించాలె అంటున్నరు," అన్నాడు.

"బరువు అంటే?"

"పొరలు. నీయే ఇరవై తొమ్మిది ఉన్నయి కద."

నిజమే. మా ఆకాశం ఒక్కరు గీసింది కాదు. అడుగున నీలం, దాని మీద గుట్టలు, ఆపైన మబ్బులు, కొంగల బారు, సూర్యుడు, చంద్రుడు. ఒక గాజు పలక మీద ఇంకో గాజు పలక పరిచినట్టు ఉంటాయి. మబ్బు జరిగితే గుట్టకు ఏమీ కాదు. ఎవరి పొర వారిది. నాకు తిథికి ఒక చంద్రుడు చొప్పున ఇరవై తొమ్మిది పొరలు. రోజూ ఆనాటి పొర పక్కనున్న కన్ను గుర్తు నొక్కి తెరుస్తాను, నిన్నటిది దాస్తాను, తెరిచినదాన్ని ఆనాటి నక్షత్రం దగ్గరికి జరుపుతాను. నక్షత్రాలు బొమ్మ కావు. రేకుల్లో గుచ్చిన చిన్న బల్బులు. అవి ఎక్కడివక్కడే ఉంటాయి. ఉదయించే వేళ మిషన్‌కు చెప్పి ఉంచితే చంద్రుడు ఆ వేళకే కనబడతాడు.

చేసే పని ఇంతే. పదో తరగతి చదివినదానికి ఇంతకంటే పెద్ద పని ఎవరిస్తారు? కానీ పైనున్న ఎండకు భయపడి మా తాతలు ఈ బొగ్గు గనిలోకి దిగాక పుట్టినవాళ్లం మేము. గ్యాలరీలో చాలామంది చంద్రుడంటే నా చంద్రుడే. అందుకని తప్పు రాకుండా చేస్తాను.

ఇంటికి వచ్చేటప్పుడు పక్కింటి ఓదెమ్మ పెద్దమ్మ గడపలో కూర్చొని ఉంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. షుగరు ఉంది. మనవరాలు మౌనిక ప్లేట్లు తుడిచే జట్టుతో పైకి వెళుతోందట. ఈసారి ఇరవై రోజులకు పైనే పడుతుందట.

"మొన్నటికి ఇరవై చవితులు అయినయి బిడ్డా. వచ్చే చవితితోని మొక్కు తీరుతది," అంది పెద్దమ్మ. "దానికి పైన ఏం కావద్దని మొక్కుకున్న. ఇంకొక్కటే."

సంకటహర చవితి నాడు ఆమె పగలంతా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. చంద్రుడిని చూశాకే తింటుంది.

వైశాఖ బహుళ త్రయోదశి, శుక్రవారం

ఐలేష్ మమ్మల్నందరినీ పిలిచి చిన్న బొమ్మ మీద చూపించాడు. మూడు పొరలు పెట్టాడు. ఒకటి నీలం, ఒకటి గుట్ట, ఒకటి పిట్ట. పిట్ట కన్ను మూసి ఉంది. అన్నిటినీ కలిపే మెర్జ్ గుర్తు నొక్కాడు. మూడూ పోయి ఒక్కటే పొర మిగిలింది. అందులో నీలం ఉంది, గుట్ట ఉంది, పిట్ట లేదు.

"చూసిండ్రా? తెరిచి ఉన్నవే కలుస్తయి. దాచినవి పోతయి. కలిసినవి మళ్ల విడిపోవు. గది యాద్ వెట్టుకోండ్రి."

మబ్బులు గీసే రాజేశం అన్న అరవై రెండేళ్లవాడు. ఆయన నోరు ఊరుకోదు. "పెండ్లి లెక్కనే ఉన్నది కదరా," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏర్పాటు ఇది. కదలనివి అంటే నీలం, గుట్టలు, చెట్లు కలిపేస్తారు. కదిలేవాటిని ముందుగా మిషన్ బయటి నిల్వ పలకలోకి తీసి ఉంచుతారు. కరెంటు తిరిగి వచ్చాక మళ్లీ పైన పరుస్తారు. ఆ తీసి ఉంచే పని మనిషికి అరగంట. రేపు శనివారం పెట్టుకుందామన్నాడు ఐలేష్.

రేపు చతుర్దశి. ఎల్లుండి అమావాస్య. అంత పెద్ద పని అమావాస్య ముందర మొదలుపెట్టడం నాకు మనసొప్పలేదు. పెద్దగా మాట్లాడే అలవాటు లేదు కాబట్టి అందరూ వెళ్లాక నిలబడి అడిగాను.

"అయ్యా ఐలేషూ, సోమవారం పాడ్యమి. ఆనాడు పెట్టుకుందమా? రెండు రోజులే కద."

అతను గోడ మీది కరెంటు మీటరు వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు. "నువ్వు ఎన్నడూ ఏదీ అడుగవు అక్కా. సరే, సోమవారమే పెడుదాం."

వైశాఖ బహుళ చతుర్దశి, శనివారం

చంద్రుడు భరణిలో. గోటి గీత అంత ఉన్నాడు. డ్యూటీ దిగే ముందు ఆ పొర కూడా దాచాను. రేపు అమావాస్య. ఆ రోజు నేను మిషన్ ముట్టను. పదకొండేళ్లలో ఎప్పుడూ ముట్టలేదు. తలస్నానం చేసి, ఇంట్లో దేవుడి దగ్గర కూర్చుంటాను. చంద్రుడు లేని రోజు చంద్రుడి మనిషికి పనేముంది?

జ్యేష్ఠ శుద్ధ పాడ్యమి, సోమవారం

నిన్న పొద్దున పది గంటలకు మూడో ఫ్యాను ఆగింది. చివరి గ్యాలరీలో ఇద్దరు స్పృహ తప్పి పడిపోయారు. పడిన చోటే ఉంటే ప్రాణం పోయేది. మోసుకొచ్చి పెద్ద గ్యాలరీలో పడుకోబెడితే లేచారు. ఐలేష్‌కు ఎవరినీ పిలిచే సమయం లేకపోయింది. ఉన్నవన్నీ ఉన్నట్టే మెర్జ్ కొట్టి, సేవ్ చేసి, మిషన్‌లోని సర్క్యూట్ కార్డులు సగం పీకి ఫ్యాన్ల దగ్గర బిగించాడు. ఫ్యాను తిరిగింది. అతను చేసింది మంచి పని. దేవుడు అతని చేత చేయించాడు.

ఇప్పుడు మిషన్ ఒక్క పొరనే మోయగలదు. రెండోది వేస్తే ఆగిపోతుంది. పాత నకలు ఉన్న రెండో మిషన్‌ను విడిభాగాల కోసం పోయినేడే విప్పేశారు.

సూర్యుడు పది గంటల చోట అతుక్కుపోయాడు. మబ్బులు జరగవు. కొంగల బారు చెట్ల మీద ఆగి ఉంది. సాయంత్రం కాగానే రేకుల వెలుగు తగ్గిస్తున్నారు. సూర్యుడున్న రేకును పూర్తిగా ఆపేస్తున్నారు. రాత్రయినట్టే ఉంటుంది.

నా ఇరవై తొమ్మిది పొరలూ ఆ వేళకు మూసే ఉన్నాయి. ఒక్కటీ మిగల్లేదు.

నేను శనివారం వద్దనకపోతే అన్నీ పలకలో భద్రంగా ఉండేవి. ఆదివారం ఇంట్లో కూర్చోకుండా గదికి వచ్చి ఉన్నా, ఐలేష్ మెర్జ్ కొట్టేలోపు ఒక్క చంద్రుడినైనా తెరిచి ఉంచేదాన్ని. ఈ సంగతి ఐలేష్ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఈ పుస్తకంలో రాస్తున్నాను.

జ్యేష్ఠ శుద్ధ తదియ, బుధవారం

తప్పు మీద తప్పు చేశాను.

నిన్న విదియ. నెలవంక రావలసిన రోజు. గీసే పనికి మిషన్‌ను ఇప్పుడు రోజుకు అరగంటే తెరుస్తున్నారు. ఐలేష్‌ను బతిమాలి ఆ అరగంటలో పెన్ను పట్టుకొని, ఉన్న ఒక్క పొర మీదే మృగశిర దగ్గర చిన్న నెలవంక గీశాను. జనం చూశారు. బడికి వెళ్లే ఆడపిల్లలు చేతులెత్తి దండం పెట్టారు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి.

ఈరోజు దాన్ని తీసి ఆరుద్ర దగ్గర గీయాలి. ఎప్పటిలా చెరిపే గుర్తు తీసుకొని చెరిపాను. నెలవంక పోయింది. దాంతోపాటు కింది నీలం కూడా పోయింది. అడుగున ఇంకేమీ లేదు. ఇంతకుముందు నా పొరలో ఏం చెరిపినా కింద నీలం ఉండేది కదా, అదే అలవాటు. ఇప్పుడు ఆకాశంలో నెలవంక ఆకారంలో నల్లటి కంత పడింది. నేను నిలబడి చూస్తుండగానే అరగంట అయిపోయి, ఉన్నది ఉన్నట్టే సేవ్ అయి మిషన్ ఆగింది.

గ్యాలరీలోకి వచ్చేసరికి జనం తలలెత్తి నిలబడి ఉన్నారు.

"ఆకాశం చినిగిందే!" అని ఒక పిల్ల అరిచింది.

"చినగలే. సుగుణక్క కొరికింది," అన్నారెవరో. నవ్వారు. కానీ ఒక ముసలాయన ఆ కంత కింది నుంచి నడవకుండా చుట్టూ తిరిగి వెళ్లాడు. ఆయన్ని చూసి ఇంకొందరు అలాగే వెళ్లారు.

సాయంత్రానికి కమిటీ నుంచి మాట వచ్చింది. ఇకమీద ఆకాశం మీద ఎవరూ పెన్ను పెట్టకూడదు.

జ్యేష్ఠ శుద్ధ పంచమి, శుక్రవారం

చంద్రుడు లేడు. రాసుకోవడానికి తిథి ఒక్కటే ఉంది.

మధ్యాహ్నం రాజేశం అన్న ఇంటికి వెళ్లాను. ఆయన గోడకు ఆనుకొని ఖాళీగా కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు మబ్బులు గీసిన చెయ్యి. ఏమీ తోచక బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు.

"అన్నా, ఒక మాట చెప్పాలె."

"చెప్పు చెల్లె. కూసో."

"శనివారం చేద్దామంటే సోమవారం దాక ఆపింది నేనే. అమావాస్య ముంగట వద్దని. నీ మబ్బులు నా వల్లనే అతుక్కున్నయి."

ఆయన చేతిలో రాయి పక్కన పెట్టాడు. నేను నా చీర అంచు చూస్తూ కూర్చున్నాను.

"గా ఐలేష్ చెప్పలే?"

"చెప్పలే."

"మంచోడు." మళ్లీ బియ్యంలోకి వంగాడు. "నా మబ్బులకు రిటైర్మెంట్ ఇచ్చినవ్. నాకెప్పుడిస్తవో చెప్పు."

"అన్నా..."

"ఏడువకు. గా ఫ్యాను ఆదివారం ఆగుతదని నీకు జాబు రాసిందా? ముప్పై ఏండ్ల సంది గదే మబ్బును అటు జరుపు, ఇటు జరుపు. ఇప్పుడు ఒక్క తాన నిలబడ్డది. జర తీరువడిగా చూస్తే ఎడమదిక్కు మబ్బు మంచిగనే గీసిన అనిపిస్తంది."

లేవబోతుంటే ఆయనే ఆపాడు. "గా కంతను ఎట్ల పూడుద్దామనుకుంటున్నవ్?"

"పూడుతదా?"

"పిచ్చిదానా, మబ్బు అంచులు నీలంల కలువకుంటే మబ్బు అంటరా దాన్ని? నీలాన్ని కలుపుడు నాకు తెల్వకుంటే ఇంకెవరికి తెలుస్తది?"

జ్యేష్ఠ శుద్ధ దశమి, బుధవారం

ఐలేష్ ఇంటికి వచ్చాడు. మంచినీళ్లు ఇస్తే సగం తాగి సగం పక్కన పెట్టాడు. కమిటీ ఒక దారి చెప్పిందట. ఒక్కసారి పెన్ను పెట్టనిస్తారు. నిండు చంద్రుడిని గీసి వదిలేయాలి. కంత ఉన్నచోటే గీస్తే కంత కూడా మూతపడుతుంది. ఇక ఎప్పటికీ ముట్టనక్కర లేదు.

"రోజూ పున్నమే అక్కా. జనం కూడ ఖుషీ అయితరు."

వినడానికి బాగానే ఉంది. నాకూ పని తప్పుతుంది. కంత పోతుంది, నా తప్పు కనబడదు. చూపు తగ్గిన ఓదెమ్మ పెద్దమ్మకు గుండ్రంగా ఏది కనబడినా చాలు కదా అని కూడా అనుకున్నాను. అనుకున్నానని ఒప్పుకుంటున్నాను.

ఆ ఆలోచనతోనే పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె నీటి గొట్టం కింద మొలిచిన గరికను మాపటి పూజకు ఏరుతోంది. సంగతంతా చెప్పాను. కన్ను గుర్తు, అమావాస్య, కంత, రోజూ పున్నమి, అన్నీ.

"చవితికి పున్నమి చంద్రుడు ఎందుకుంటడు?" అని అడిగింది.

"ఉండడు పెద్దమ్మా. కానీ కొత్తది రోజూ గియ్యనిస్తలేరు. నువ్వు ఈ ఒక్కసారికి..."

"బిడ్డా, నువ్వు గీసిన బొమ్మ అని నాకు ఎర్క లేదా? పైన ఒకటున్నది, గది నా కండ్లతోని జన్మల చూడలే. పైన ఎట్లుంటదో నువ్వు పంచాంగం చూసి కింద గట్లనే గీస్తవని నా నమ్మకం. పైన మౌనిక చూసేది ఒకటి, ఇక్కడ నేను చూసేది ఒకటి అయితే నా మొక్కు ఎట్ల ముడుతది?"

"మరి లేకుంటే?"

"లేకుంటే తినను. తెల్లారినంక చూద్దాం."

తెల్లారేదాకా తినకపోతే షుగరు పడిపోతుంది. పోయిన చవితికి చంద్రుడు వచ్చిన తరువాత ముద్ద పట్టుకున్నప్పుడే చెయ్యి వణికింది. కన్నకూతురు పోయాక మౌనికను తానే పెంచింది. మొక్కు విడువమని ఆమెతో అనే ధైర్యం నాకు లేదు.

ఐలేష్‌తో వెళ్లి చెప్పాను. "రోజూ పున్నమి నేను గియ్యలేను అయ్యా. వేరేటోళ్లతోని గీయించుకోండ్రి. చవితి నాడు నాకు ఒక్క అరగంట ఇప్పియ్యి."

ఇంత గట్టిగా నేను ఎవరితోనూ అనలేదు. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

జ్యేష్ఠ పున్నమి, సోమవారం

కమిటీ ఒక షరతు పెట్టింది. ముందు కంత పూడ్చి చూపించాలి. అతుకు కనబడకపోతే చవితికి అరగంట ఇస్తారు.

నిన్నా ఈరోజూ ఐలేష్ రేకులు పరీక్షించే వేళ మాకు ఇచ్చాడు. రాజేశం అన్న నా పక్కన కూర్చొని నేర్పించాడు. కంతకు బెత్తెడు దూరంలోని నీలాన్ని పెన్నుతో పట్టుకొని తెచ్చి అద్దాలి. ఒక్కచోటి నుంచే తెస్తే అచ్చు గుద్దినట్టు తెలిసిపోతుంది. కొంచెం పైనుంచి, కొంచెం కిందనుంచి, కొంచెం పక్కనుంచి తేవాలి. అంచు దగ్గర చెయ్యి తేలిక చేయాలి.

"గట్ల రుద్దకు. గోడకు సున్నమేస్తున్నవా? పసిపిల్ల చెంప మీద పౌడర్ అద్దినట్టు అద్దు."

"నాకు చెయ్యి వస్తలేదన్నా."

"వస్తది. తప్పు పోయిన తాననే నేర్చుకుంటున్నవ్, జల్ది వస్తది."

కంత పూడింది. అతుకు పూర్తిగా పోలేదు. తెలిసినవాళ్లు చూస్తే కొంచెం ముదురు నీలం మరక కనబడుతుంది. కమిటీవాళ్లు వచ్చి చాలాసేపు తలలెత్తి చూశారు. ఎక్కడుందని ఒకరినొకరు అడిగారు. ఐలేష్ వేలు పెట్టి చూపించబోతే రాజేశం అన్న అతని చెయ్యి కిందికి లాగాడు.

చవితికి అరగంట ఇచ్చారు.

జ్యేష్ఠ బహుళ పంచమి, శనివారం

నిన్నటి సంగతి రాస్తున్నాను. నిన్న రాసే స్థితిలో లేను.

చంద్రోదయం తొమ్మిది నలభైకి. మిషన్ తొమ్మిది పదికి తెరిచారు. దేవుడికి దండం పెట్టుకొని శ్రవణం బల్బుల పక్కన మొదలుపెట్టాను. చవితి చంద్రుడు నాకు కంఠతా వచ్చు. పైన కుడివైపు అంచు తరిగి ఉంటుంది. లోపల కుందేలు మచ్చ. ఇదివరకు ఆ ఒక్క బొమ్మ గీయడానికి నాకు మూడు రోజులు పట్టింది. అరగంటలో కానివ్వాలని అంచు నుంచి లోపలికి సన్నగా గీస్తూ వచ్చాను.

తొమ్మిది ఇరవై ఎనిమిదికి లైట్లు ఒకసారి కిందికి పోయి లేచాయి. మిషన్ ఆగిపోయింది. సేవ్ చేయలేదు.

ఐలేష్ మళ్లీ తెరిచాడు. ఆకాశం తెరుచుకునేసరికి తొమ్మిది ముప్పై రెండు. ఏమీ లేదు. శ్రవణం బల్బులు మాత్రమే ఉన్నాయి. ఇంకా ఎనిమిది నిమిషాలు.

అప్పుడే పక్కింటి పిల్ల స్రవంతి పరుగెత్తుకుంటూ వచ్చింది. "అత్తా, అవ్వకు చెమటలు పడుతున్నయి. చక్కెర నీళ్లిస్తే మూతి తిప్పుకుంటున్నది. చంద్రుడు వచ్చిండా అని ఒక్కటే అడుగుతున్నది."

"అక్కా, గుండ్రం గుర్తు ఉన్నది కద," అన్నాడు ఐలేష్ మెల్లగా. "ఒక్క నొక్కుడు. పున్నమి పెట్టి పంపియ్యి. పానం ముఖ్యం."

చెయ్యి ఆ గుర్తు మీదికి వెళ్లింది. నొక్కాను. మిషన్ తెర మీది ఆకాశంలో నిండు గుండ్రం వచ్చింది. సున్నంలా తెల్లగా, తప్పుగా ఉంది.

అది చూస్తుంటే రాజేశం అన్న మాట గుర్తొచ్చింది. పసిపిల్ల చెంప. నేను చంద్రుడిని గీయనక్కర లేదు. ఆకాశాన్ని అద్దితే చాలు. గుండ్రానికి పక్కనున్న నీలాన్ని పట్టుకొని తెచ్చి, పైన కుడి అంచు మీద అద్దాను. కొంచెం పైనుంచి, కొంచెం కిందనుంచి తెచ్చాను. అంచు దగ్గర చెయ్యి తేలిక చేశాను. తెలుపు తరిగింది. ఇంకొంచెం అద్దాను. చవితికి ఎంత తరగాలో అంతే తరిగింది. కంత పూడ్చేటప్పుడు ఏడుస్తూ నేర్చుకున్న పనే అది.

"ముప్పై తొమ్మిది," అన్నాడు ఐలేష్.

"సేవ్ కొట్టు."

గ్యాలరీలోకి పరుగెత్తాను. నా వయసుకు, నా స్వభావానికి అది తగిన పని కాదు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఓదెమ్మ పెద్దమ్మ గడపలో గోడకు ఆనుకొని ఉంది. ముఖమంతా తడిగా ఉంది. కళ్లు చిట్లించి శ్రవణం వైపు చూస్తోంది.

"వచ్చిండు పెద్దమ్మా. చూడు."

చాలాసేపు చూసింది. నాకు ఆ సేపు పదకొండేళ్లంత అనిపించింది.

"పైకెల్లి కొరికినట్టున్నడు. చవితే," అంది. చేతులెత్తి దండం పెట్టింది. తరువాత, "కుందేలు ఏదే?" అంది.

"ఆలస్యమయింది పెద్దమ్మా. రేపు తీసుకొస్త."

"తేకుంటే ఊకోను." నోరు తెరిచింది. ఉండ్రాయి చిదిపి, బెల్లం నీళ్లలో ముంచి పెట్టాను. రెండు ముద్దలకు చెయ్యి వణకడం తగ్గింది. మూడో ముద్ద తనే తీసుకుంది.

రాజేశం అన్న దూరంగా నిలబడి ఉన్నాడు. "నా మబ్బు పక్కన పెట్టినవ్, మంచి జాగ," అన్నాడు. ముఖం అటు తిప్పుకున్నాడు.

జ్యేష్ఠ అమావాస్య, సోమవారం

తలస్నానం చేశాను. దేవుడి దగ్గర దీపం పెట్టాను. డ్యూటీకి వచ్చాను.

చవితి తరువాత కమిటీ ఏమీ అనలేదు. రోజూ అరగంట ఇస్తున్నారు. ఐలేష్ మళ్లీ పొరలు వస్తాయేమో చూశాడు. రావట. కరెంటు పెరిగింది కానీ కార్డులు ఫ్యాన్ల దగ్గరే ఉండాలి. కాబట్టి రోజూ రెండు పనులు చేస్తున్నాను. నిన్నటి చంద్రుడి మీద నీలం అద్దుతాను. ఇవాళ్టి నక్షత్రం దగ్గర కొత్తగా గీస్తాను. పంచమి నాడు కుందేలును కూడా తెచ్చాను.

నీలం ఎంత జాగ్రత్తగా అద్దినా ఒక్కోచోట ముదురుగా, ఒక్కోచోట పలుచగా వస్తోంది. శ్రవణం నుంచి వరుసగా మరకలు కనబడుతున్నాయి. దాచుదామని నేను చాలా ప్రయత్నించాను. మొన్న బడిపిల్లలు నీళ్ల వరుసలో నిలబడి ఆ మరకలు లెక్కపెడుతున్నారు. చవితి, పంచమి, షష్ఠి అని వేళ్లు మడుస్తున్నారు. నేను పొరలు దాచినంత కాలం నిన్నటి చంద్రుడు ఎక్కడుండేవాడో ఎవరూ అడగలేదు. ఇప్పుడు పంచాంగం తెలియని పిల్ల కూడా చెబుతోంది.

మౌనిక నిన్న కిందికి దిగింది. ముఖం కమిలింది, పెదవులు పగిలాయి. మనిషి క్షేమం. ఓదెమ్మ పెద్దమ్మ ఆమెను వదలకుండా చెయ్యి పట్టుకునే కూర్చుంది.

"చవితి నాడు పైన చూసినవా?" అని అడిగింది నా ముందే.

"చూసిన అవ్వ. గుడారం ముంగట పండుకొని చూసిన. పై అంచు కొరికినట్టుండె."

పెద్దమ్మ నా వైపు తిరిగి తల ఊపింది.

మొదటి కంత పడిన మృగశిర దగ్గరే నిన్నటి చతుర్దశి చంద్రుడు వచ్చాడు. గోటి గీత అంతే. ఈరోజు దాన్ని తీయాలి. నేను రాకపోతే లేని చంద్రుడు అమావాస్య పూట ఆకాశంలో ఉండిపోతాడు. నేను గదిలోకి రాగానే ఐలేష్ కుర్చీలోంచి లేచాడు.

"ఇయ్యాల అమావాస్య కదక్కా! నువ్వు రావనుకున్న."

"ఇయ్యాలనే రావాలె అయ్యా."

"ఏం గీస్తవ్?"

"ఏం గియ్యను."

పాత మరక మీదే కూర్చున్న ఆ సన్నటి గీత పక్కనుంచి నీలం తెచ్చి అద్దాను. కొంచెం పైనుంచి, కొంచెం కిందనుంచి తెచ్చాను. అంచు దగ్గర చెయ్యి తేలిక చేశాను.

చంద్రుడు ఆరుద్రలో. కనబడడు. డ్యూటీ పూర్తి.